పనస వేరు, మరిది గోడ

సోంపేట దగ్గర ఒక పల్లె నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయట పెట్టొద్దన్నారు. వయసు నలభై నాలుగు. భర్త పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. ఇంట్లో ఆమె, ఇంటర్ చదివే కూతురు, డెబ్బై దాటిన అత్తగారు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఇంటి స్థలం చెరిసగం పంచుకున్నారు. మామగారు నాటిన పనస చెట్టు వీరి వాటాలోకి వచ్చింది. చెట్టుకి తూర్పున ఏడడుగుల దూరంలో హద్దు ఉంది. అక్కడ ఎప్పటినుంచో తాటాకు దడి ఉండేది. రెండేళ్ళ కిందట మరిది అప్పు చేసి, దడి తీసేసి, ఐదడుగుల ఎత్తున ఇటుక ప్రహరీ కట్టించాడు. ఈ వేసవిలో ఆ గోడ మధ్యలో చీలిక వచ్చింది. పైన వేలు దూరుతుంది, కిందికి వచ్చేసరికి వెంట్రుకంత సన్నగా ఉంది. చీలిక కింద నేల ఉబ్బింది. కాస్త మట్టి తీస్తే చేతి మణికట్టు కంటే లావు వేరు కనిపించిందట.

మరిది మాట ఇది: ‘వదినా, దసరా వెళ్ళాక జేసీబీ తెచ్చి గోడ పొడుగునా తవ్వించి ఏర్లన్నీ తెంపించేస్తాను, నువ్వు అడ్డు రాకు.’ అత్తగారి మాట ఇది: ‘నాను పోయినాక మీ ఇష్టం. నానుండగా ఆ చెట్టు మీద గునపం పడ్డానికి లేదు.’ భర్తకి ఫోన్ చేస్తే ‘నువ్వే ఏదో ఒకటి చూడు’ అంటున్నారు. తోటికోడలు మాట్లాడటం మానేసింది. చెట్టు మొదట్లో చిల్లు పెట్టి ఇంగువ పెట్టమని ఒకరు, మైలుతుత్తం పొయ్యమని ఇంకొకరు, యాసిడ్ అని మరొకరు సలహా ఇచ్చారు. చెట్టుకి పదిహేను అడుగుల్లో బావి ఉంది. 2018లో వచ్చిన తిత్లీ తుఫానుకి పెరట్లో ఆరు కొబ్బరి చెట్లు పడిపోయాయి. పనస నిలబడింది గాని పడమటి వైపుకి, అంటే అత్తగారు పడుకునే గది వైపుకి కాస్త ఒరిగింది. ‘రాత్రి గాలి వీస్తే చాలు, టెన్షన్. వేర్లు తీయించాలా, చెట్టే తీయించాలా, గోడ వాళ్ళది కదా అని ఊరుకోవాలా?’ అని అడిగారు.

అమ్మా,

చెట్టు ఒరిగిన సంగతి మీరు మూడో పేజీలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. గోడ తూర్పున ఉంది, చెట్టు పడమటికి వాలి ఉంది. వాలిన చెట్టుని పడకుండా వెనక్కి పట్టి ఉంచేవి వాలిన దిక్కుకి ఎదురుగా ఉన్న వేర్లు. పందిరి గుంజకి వెనకనుంచి లాగి కట్టిన మోకులాంటివి అవి. మీ మరిది తెంపించాలనుకుంటున్నది సరిగ్గా ఆ మోకునే. అది తెగితే చెట్టు గోడ మీద పడదు. ఇంటి మీద, అత్తగారి గది మీద పడుతుంది. ఈ సంగతి అతనికి తెలిసి ఉండదు. తెలిస్తే ఆ మాట అనడు. గదిలో పడుకునేది అతని కన్నతల్లి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. విజయనగరంలో మా ఇంటి వెనక పెద్ద వేప ఉండేది. 2014 వేసవిలో మురుగు పైపు వేయడానికి చెట్టుకి నాలుగడుగుల దూరంలో కాలవ తవ్వించాం. అడ్డొచ్చిన రెండు వేర్లు గొడ్డలితో కొట్టించేశాం. చెట్టు ఏమీ అనలేదు. ఒక్క ఆకు వాడలేదు. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు పొద్దున్న చూస్తే వేప మట్టిపెళ్ళతో సహా లేచి పక్కింటివాళ్ళ పశువుల పాక మీద పడి ఉంది. పాకలో ఆవుని ముందురోజే వేరేచోట కట్టేశారు కాబట్టి సరిపోయింది. కాలవ వైపు వేర్లన్నీ మొద్దులుగా ఉన్నాయి, కోసిన చోట నల్లగా కుళ్ళి, చేత్తో నలిపితే పొడి రాలింది. మిగతా మూడు వైపులా వేర్లు పచ్చిగా, చీలి ఉన్నాయి. తప్పు మాదే. పాక మళ్ళీ వేయించి ఇచ్చాం. ఆ నల్లటి మొద్దులు మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

హుద్‌హుద్ అక్టోబరు 12, తిత్లీ అక్టోబరు 11. రెండూ అక్టోబరు రెండో వారమే. మీ మరిది దసరా వెళ్ళాక తవ్విస్తానంటున్నాడు. తవ్విన నేల గట్టిపడకుండానే, తెగిన వేరు పక్కన కొత్త వేరు పుట్టకుండానే తుఫానుల రోజులు వచ్చేస్తాయి. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా సరే, పని సంక్రాంతి వెళ్ళాక పెట్టుకోండి. అప్పటికి తుఫానుల భయం తగ్గుతుంది, ఎండలు ముదరవు. అతనితో ‘వద్దు’ అనకండి, ‘సంక్రాంతి వెళ్ళనీ’ అనండి. ఈ రెండు మాటలకీ ఇంట్లో చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. మీ అమ్మాయి సాయం తీసుకోండి. ఒక తాడు తీసుకుని చెట్టు మొదలు చుట్టూ, రొమ్ము ఎత్తున, ఒక్క చుట్టు చుట్టండి. ఆ చుట్టు ఎంత వచ్చిందో అంత తాడు కోసి, ఒక కొస చెట్టుకి ఆనించి, గోడవైపు నేలమీద పరవండి. తాడు రెండో కొస ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడ మేకు దిగ్గొట్టండి. చెట్టుకీ ఆ మేకుకీ మధ్య ఉన్న పెద్ద వేరు ఏదీ కొయ్యకూడదు, ఎవరు చెప్పినా సరే. చుట్టుకొలత అంటే సుమారుగా మొదలు అడ్డుకొలతకి మూడింతలు. చెట్టుని నిలబెట్టే అసలు వేర్లు చాలామట్టుకు ఆ మూడింతల దూరంలోనే ఉంటాయి. ఐదింతలు దాటాక కోస్తే కొంత నిశ్చింత. మధ్యలో ఉన్నది సందేహపు జాగా. మీరు రాసిన చుట్టుకొలత ఆరడుగులు, అంటే అడ్డుకొలత రెండడుగులు. మేకు ఆరడుగుల దగ్గర పడుతుంది, నిశ్చింత పదడుగుల దగ్గర మొదలవుతుంది. గోడ ఏడడుగుల్లో ఉంది. మామూలు చెట్టైతే సందేహపు జాగాలో ఒకటో రెండో వేర్లు జాగ్రత్తగా తీయొచ్చు. వాలిన చెట్టుకి, వాలుకి ఎదురు వైపున, మణికట్టు కంటే లావు వేరు తీయమని నేను చెప్పలేను.

వాలు గురించి ఇంకొక్కటి చూసుకోండి. తిత్లీ తర్వాత పుట్టిన కొమ్మలు నిటారుగా ఆకాశం వైపుకి పెరిగాయా? పెరిగితే చెట్టు ఆ వాలులోనే కుదురుకుందని అర్థం, అంత భయపడక్కర్లేదు. అలా కాకుండా మొదలుకి తూర్పు వైపున నేలలో కొత్తగా పగులు కనిపించినా, గాలికి మట్టి పైకీ కిందికీ కదులుతున్నట్టు అనిపించినా, ఆ గదిలో అత్తగారిని ఆ రాత్రి నుంచే పడుకోనివ్వకండి. అప్పుడు గోడ మాట తర్వాత, ముందు చెట్టు మాట చూడాలి.

ఇక గోడ. పగులు వేరు వల్లే వచ్చిందా? మీరు రాసిన వివరాన్ని బట్టి అవుననే అనుకుంటున్నాను. కింద నుంచి ఏదైనా గోడని ఎత్తుతుంటే చీలిక పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. పునాది కుంగి మధ్యలో దిగిపోతే కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. మీది మొదటి రకం, పైగా నేల ఉబ్బి ఉంది. అయినా ఒక పరీక్ష పెట్టండి. చీలికకి అడ్డంగా సన్నటి గాజుముక్క ఒకటి పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికించండి, పక్కన తేదీ రాయండి. చీలిక పెరుగుతుంటే గాజు విరుగుతుంది. సంక్రాంతి దాకా విరగలేదంటే తొందరేమీ లేదని మీ మరిదికి మాటలతో పనిలేకుండా తెలుస్తుంది. గాజు అతికించేది అతని గోడకి కాబట్టి అతన్నే అతికించమనండి. దారానికి రాయి కట్టి గోడ పక్కన వేలాడదీసి చూడండి, గోడ ఎటైనా వాలిందేమో. ఒక ఇటుక మందం గోడ, మధ్యలో స్తంభాలు లేనిది, అసలు వేరు లేకపోయినా పెద్ద గాలికి పడిపోవచ్చు. వాలి ఉంటే చీలిక దగ్గర పై వరసలు నాలుగు ఇప్పుడే తీయించేయండి. పిల్లల్ని ఆ పక్కన ఆడుకోనివ్వకండి.

నేను మీ చోట ఉంటే ఏం చేస్తానంటే, వేరుని వదిలేసి గోడని మారుస్తాను. వేరు ఉన్నచోట ఒక నాలుగైదు అడుగుల మేర ఇటుకా, దాని కింద పునాదీ తీసేయించాలి. వేరుకి అటూ ఇటూ అడుగున్నర ఎడంగా చేత్తో గుంటలు తవ్వి రెండు చిన్న స్తంభాలు పోయించాలి. వాటి మీద లింటెల్ వేసి, దానిపైన మళ్ళీ ఇటుక కట్టించాలి. వేరుకీ లింటెల్‌కీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ చూస్తే మేస్త్రికి చేతులు ఊరుకోవు, కాంక్రీటుతో నింపేస్తానంటాడు. నింపనివ్వకండి. వేరు ఏటేటా లావవుతుంది, దానికి చోటు కావాలి. కోళ్ళు దూరతాయనుకుంటే వట్టి ఇసుక పోయండి, లేదా జాలీ కట్టండి. ఇంకా తేలిక కావాలంటే అంత మేరా ఇటుక మానేసి సిమెంటు స్తంభాలకి ఇనప జాలీ బిగించొచ్చు. జాలీకి పునాది అక్కర్లేదు, వేరుతో తగాదా లేదు. అయితే చాటు కోసం గోడ కట్టుకున్నవాళ్ళకి జాలీ నచ్చకపోవచ్చు. మీ తోటికోడలికి పెరట్లో స్నానానికో, గిన్నెలు తోముకోవడానికో ఆ చాటు అవసరమేమో అడగండి. అప్పు చేసి మరీ గోడ కట్టడానికి అది కూడా ఒక కారణమై ఉండొచ్చు.

వేర్లు తీయించే దారి కూడా పూర్తిగా మూసుకుపోలేదు. గోడ కిందికి వెళ్ళినవాటిలో బొటనవేలంత లావువి, అంతకంటే సన్నవి తీస్తే చెట్టుకి పెద్ద నష్టం లేదు. కాని జేసీబీ వద్దే వద్దు. అది వేరుని కొయ్యదు, పట్టి లాగుతుంది. లాగితే తెగేది గోడ దగ్గర కాదు, ఎక్కడో లోపల, చెట్టు మొదట్లో చీలుతుంది. మీది ఇసుక కలిసిన నేల కాబట్టి మోటారు పైపుతో నీళ్ళు కొడుతూ మట్టిని కడిగేస్తే వేర్లు దెబ్బ తినకుండా బయటపడతాయి. ఏది సన్నం, ఏది లావు కళ్ళతో చూశాకే రంపం పట్టాలి. గొడ్డలితో నరకొద్దు, వేరు నలిగిపోయి కుళ్ళు పడుతుంది. పనస పాల సంగతి మీకు తెలిసిందే. కాయ కోసేటప్పుడు చేతికీ కత్తికీ నూనె రాసుకున్నట్టే రంపానికీ రాయండి, లేకపోతే జిగురుకి మధ్యలోనే పట్టేస్తుంది. కోసిన చోట రంగులూ పేడలూ పూయక్కర్లేదు. తర్వాత గోడకి మీ వైపు రెండున్నర మూడడుగుల లోతున మందపాటి ప్లాస్టిక్ షీటు నిలువుగా పాతి మట్టి పూడిస్తే కొత్త వేర్లు కొన్నేళ్ళు అటు రావు. ఎప్పటికీ రావని కాదు, కింద నుంచి దారి వెతుక్కుంటాయి. ఆ వేసవంతా చెట్టుకి నీళ్ళు పెట్టాలి, ఆ ఏడు కాపు తగ్గితే కంగారు పడకూడదు. ఇదంతా చేశాక కూడా ఆ మణికట్టు వేరు అక్కడే ఉంటుంది కాబట్టి గోడకి ఆ నాలుగైదు అడుగుల మార్పు తప్పదు. అందుకే ముందు గోడ సంగతి చెప్పాను.

చెట్టు తీసేయడం చివరి దారి. కదులుతోందని తేలితే మాత్రం వెనకాడొద్దు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, కొన్ని జాతులకి మినహాయింపు ఉంది. సచివాలయంలో గాని, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో గాని అడిగి కాగితం చేతికి వచ్చాకే రంపం పెట్టించండి. చెట్టు పోతే గోడ గొడవ తీరిపోతుందనుకోకండి. నేలలో వదిలేసిన వేర్లు రెండు మూడేళ్ళలో కుళ్ళి, అక్కడ మట్టి కుంగి, ఇప్పుడు లేచిన గోడే అప్పుడు దిగొచ్చు. ఇంకో మాట, కర్రని వంటచెరకు రేటుకి ఇచ్చేయకండి. బొబ్బిలి వీణ చెక్కేది పనస చెక్కతోనే. తలుపులకీ మంచానికీ బాగుంటుంది. మామగారి చెట్టు కర్రతో అత్తగారికి ఒక మంచం మిగిలినా మిగిలినట్టే.

ఇంగువ, మైలుతుత్తం, యాసిడ్ మాటలు ఇక ఇంట్లో వినిపించకూడదు. ఒక్క వేరుకి పోసిన మందు ఆ వేరుతో ఆగదు. చెట్టు చచ్చినా నిలబడే ఉంటుంది, లోపల ఎండి, ఏ గాలికి విరుగుతుందో తెలియకుండా. అన్నిటికీ మించి పదిహేను అడుగుల్లో బావి ఉంది. నీళ్ళ గురించి ఉద్దానం వాళ్ళకి నేను చెప్పాలా తల్లీ, కిడ్నీ జబ్బు లేని వీధి మీ వైపు ఎక్కడుంది? కారణం ఏదైనా కానివ్వండి, తాగే నీళ్ళ పక్కన మనంతట మనం విషం పోసుకోవద్దు.

ఇక మనుషుల సంగతి. హద్దు దాటి వచ్చిన వేరుని తన హద్దు వరకు కొట్టుకునే హక్కు మీ మరిదికి ఉంది. మీ చెట్టు వల్ల అతని గోడ పాడైతే అడిగే హక్కూ ఉంది. చెట్టు ముందునుంచీ ఉందని, పక్కన ఇంత చెట్టు చూసి కూడా గట్టి పునాది వేయించుకోలేదని మీరు అనొచ్చు. అందులో నిజం ఉంది. కాని ఆ మాట నోటితో అన్నారంటే గోడకి చీలిక ఇంకో రెండడుగులు పెరుగుతుంది. నన్నడిగితే లింటెల్ ఖర్చు మీరే పెట్టుకోండి. గోడ మొత్తం కట్టించడంతో పోలిస్తే అది చిన్న మొత్తం. అప్పు తీరుస్తున్నవాడు మళ్ళీ డబ్బు తీయాలంటే కోపమే వస్తుంది. మొత్తం పెట్టుకోవడం కష్టమైతే సామాను మీరు, కూలి అతను అని పంచుకోండి.

అయితే ఈ మాట మీరు చెప్పకండి, మీ ఆయన చేత చెప్పించండి. వాటాలు పంచుకున్నది అన్నదమ్ములు. ఇప్పుడు గోడ మీద మాట వచ్చేసరికి ఇద్దరి మధ్యా మీరొక్కరే నిలబడ్డారు. అటు మరిది అరుపులు, ఇటు అత్తగారి ఏడుపు, ఫోన్లో ‘నువ్వే చూడు’. మీ టెన్షన్‌లో సగం చెట్టుది కాదు, ఇది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘ఏం చేయమంటారు?’ అని అడక్కండి. ‘చెట్టు అత్తగారి గది వైపు వాలింది, తమ్ముడు ఎదురు వేరు తెంపుతానంటున్నాడు, ఈ శుక్రవారం మీరు తమ్ముడికి ఫోన్ చేసి సంక్రాంతి దాకా ఆగమని చెప్పండి’ అనండి. ఏ రోజు, ఏ మాట చెప్పాలో తెలిస్తే దూరంగా ఉన్న మనిషి కూడా చేస్తాడు.

అత్తగారి దగ్గరికి మాత్రం ఒప్పించడానికి వెళ్ళకండి, అడగడానికి వెళ్ళండి. మొక్కగా ఉన్నప్పటినుంచీ నీళ్ళు పోసిన మనిషి. ఏ వైపు వేర్లు పైకి తేలాయో, ఎక్కడ ఎప్పుడు తవ్వారో, బావి తవ్వినప్పుడు ఏ వేరు తెగిందో ఆవిడకి తెలిసినంత ఏ మేస్త్రికీ తెలియదు. తాడు పరిచేటప్పుడు ఆవిడ్ని కుర్చీ వేసి అక్కడే కూర్చోబెట్టండి. మరిది కూడా అప్పుడే ఉంటే మరీ మంచిది.

మీ ఉత్తరం చివర్లో ఒక సంగతి రాశారు. పోయిన వేసవిలో మొదలుకి నాలుగడుగుల దూరంలో నేల నెర్రెలిచ్చి పనస వాసన వస్తుంటే, మరిది పిల్లలే గోడ దూకి వచ్చి మట్టి తవ్వి వేరుకి కాసిన పండు బయటికి తీశారని, రెండిళ్ళవాళ్ళూ మీ అరుగు మీద కూర్చుని తిన్నారని. ఆ పండు కాసిన వేరూ గోడని ఎత్తిన వేరూ ఒకటేనేమో, నీళ్ళతో మట్టి కడిగేటప్పుడు ఒకసారి చూడండి. ఒకటే అయితే మీ మరిదికి చూపించండి. తాడు కొలత ఎంత వచ్చిందో, గాజు నిలిచిందో విరిగిందో నాకు రాయండి. కొలతలు చూశాక లింటెల్ ఎంత పొడుగుండాలో, స్తంభాలు ఎక్కడ వేయాలో గీసి పంపుతాను.